గింజల ప్రార్థన

ఆ రోజు పొద్దున పిచ్చుక వేసుకున్న ప్రణాళికలో ఎవరూ చావాల్సిన పని లేదు. రాత్రంతా నానిన చిక్కుడు గింజలను ఉల్లిపాయలు, క్యారెట్లతో కలిపి చిక్కటి సూప్ చెయ్యాలి. బ్రెడ్డు వేడి చెయ్యాలి. ఆపిల్ ముక్కలకు పంచదార పట్టించి ఓవెన్‌లో పెట్టాలి. మధ్యాహ్నం గంట మోగేసరికి ఆ వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దవాళ్ళందరికీ కడుపునిండా వడ్డించాలి. ఇంతకు మించి ఆమె దేవుణ్ణి కూడా ఏమీ కోరలేదు.

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒక్క క్షణం కూడా నోరు మూసేది కాదని అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు. వంటల కాలేజీలో ఆఖరి సంవత్సరానికి వచ్చినా అదే అతుక్కుని ఉంది. తోటి విద్యార్థులందరికీ పెద్ద హోటళ్ళ పిచ్చి. తెల్ల టోపీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఫొటోలో కోపంగా కనపడాలని వాళ్ళ కోరిక. పిచ్చుకది ఇంకో రకం పిచ్చి. దేవుడు తన చేతికి గరిటె ఇచ్చింది ఎవరూ పట్టించుకోని వాళ్ళకు అన్నం పెట్టడానికేనని ఆమె గట్టి నమ్మకం. ఈ మాట క్లాసులో ఒకసారి పైకి అన్నందుకు వెనక బెంచీ వాళ్ళు వారం రోజుల పాటు ఆమె కనపడితే చాలు, చేతులు జోడించి పక్కకు తప్పుకున్నారు.

ఆ నమ్మకానికి ఇవాళ పరీక్ష. ఆశ్రమంలో పాత వంటమనిషి మానేశాడు. వార్డెనమ్మ ముందు ఇక రెండే దారులున్నాయి. ఒకటి, ఏదో కంపెనీ వాళ్ళు రోజూ అట్టడబ్బాల్లో పంపే చల్లారిన భోజనానికి ఒప్పుకోవడం. రెండు, చదువు అయిపోగానే పిచ్చుకను వంటకు పెట్టుకోవడం. పెద్దవాళ్ళు ఇవాళ తృప్తిగా తింటే పిచ్చుక, వంకలు పెడితే డబ్బాలు. సాయంత్రం కంపెనీ మనిషి వస్తాడని, ఆలోగా తేల్చుకుంటానని వార్డెనమ్మ ముందే చెప్పేసింది. కాలేజీ తరఫున మార్కులు వెయ్యడానికి మాస్టారు కూడా భోజనం వేళకు వస్తున్నాడు. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి విద్యార్థులు ఆయనకు స్టాప్‌వాచ్ మాస్టారని పేరు పెట్టారు. ఆయన గుడ్డును తలచుకున్నా నిమిషాల్లోనే తలచుకుంటాడు.

పిచ్చుక స్టవ్ వెలిగించకముందే వంటింటి తలుపు దగ్గర కండక్టర్ తాతయ్య ప్రత్యక్షమయ్యాడు. సిటీ బస్సులో కండక్టరుగా రిటైరైన మనిషి. చేతిలో రుమాలు, రుమాల్లో రెండు ముక్కలైన పళ్ళ సెట్టు. పోయినేడాది ఇదే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్ళు వండిన గింజలు నమిలినప్పుడు విరిగిందట.

"అమ్మాయ్, మీ కాలేజీ గింజలంటే నాకు భయమే. కానీ నీ మొహం చూస్తే తినాలనిపిస్తోంది," అన్నాడు ఆయన బోసినోటితో. "పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి ఇది అతికించుకుని భోజనానికి వచ్చేస్తా. వార్డెనమ్మకి మాత్రం చెప్పకు."

ఆయన ఒంటరిగా బయటికి వెళ్ళకూడదని వార్డెనమ్మ ఆజ్ఞ. ఇదివరకోసారి మందుల కోసమని వెళ్ళి, దారిన పోయే బస్సెక్కి, అందరినీ వెనక్కి జరగమని గదమాయించి, ఆఖరి స్టాపు దాకా డ్యూటీ చేసి వచ్చాడు. పిచ్చుకకు జాలి వేసింది. తన వంట తినడం కోసం పళ్ళు కట్టించుకునే మనిషి ఎంతమందికి దొరుకుతాడు? ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. ఆయన పెరటి తలుపులోంచి పిల్లిలా జారుకున్నాడు.

ఇప్పుడు పిచ్చుక వంట పద్ధతి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమెకు వంట నేర్పిన అమ్మమ్మ ఇంట్లో గడియారం ఉండేది కాదు, ప్రార్థనలుండేవి. గుడ్డు ఉడకడానికి పొద్దుటి ప్రార్థన. అన్నానికి, ప్రయాణమయ్యే వాళ్ళ కోసం చేసే ప్రార్థన. గింజలకు మాత్రం తనకు వచ్చిన వాటన్నిటిలోకి పొడవైనది కావాలి, అది చనిపోయిన వాళ్ళను సాగనంపే ప్రార్థన. ఊళ్ళో ఎవరు పోయినా అమ్మమ్మనే పిలిచేవాళ్ళు. ఆమె లాగి లాగి చదివితే సినిమాలో సగం పట్టేది. ఆ సగం సినిమాకు గింజలు సరిగ్గా ఉడికేవి. చిన్నప్పటి నుంచీ పొయ్యి పక్కనే విన్నది కాబట్టి పిచ్చుక లెక్కలో దాని పేరు గింజల ప్రార్థన. అందులో మాటలకు అర్థం ఉందన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు.

దీనికి ఒకటే నియమం. మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి వెళ్ళాలి. దేవుడు ముక్కలు పుచ్చుకోడని అమ్మమ్మ చెప్పేది. కాలేజీలో ఇచ్చిన టైమరు పిచ్చుక ఏప్రన్ జేబులోనే ఉంది. కానీ అది మోగితే ఎవరో తిట్టినట్టుంటుందని ఆమె దాన్ని ముట్టుకోదు. కాలేజీ వంటింట్లో మనసులోనే చదువుకునేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆశ్రమం వంటింట్లో పాతకాలం ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి విమానం లేచినట్టు మోగుతోంది. మనసులో చదివితే తనకే వినపడటం లేదు. అందుకని గింజలు పొయ్యి మీదికి ఎక్కించి, పక్కనే ఉల్లిపాయల గుట్ట ముందు పెట్టుకుని తరుగుతూ, గొంతెత్తి మొదలుపెట్టింది.

"తండ్రీ, ఇల్లు విడిచి నీ దగ్గరికి బయల్దేరిన ఈ ప్రాణాన్ని చేరదీసుకో. అలసిన ఈ దేహానికి విశ్రాంతినివ్వు. మిగిలిన మాకు ధైర్యమివ్వు..."

వంటింటికీ భోజనాల హాలుకీ మధ్య వడ్డించే కిటికీ ఒకటుంది. దాని తలుపు ఎప్పుడో బిగుసుకుపోయి మూసుకోదు. హాల్లో పెద్దవాళ్ళు టీవీ చూస్తున్నారు. ఆ మాటలు మొదట చెవిన పడింది టీచరమ్మకు. ముప్పై ఏళ్ళు పిల్లల గుసగుసలు పట్టుకున్న చెవులు అవి. ఆమె టీవీ కట్టేయమంది. ఆ ప్రార్థన తెలియని వయసు వాళ్ళెవరూ అక్కడ లేరు.

"మనలో ఎవరో పోయారు," అంది టీచరమ్మ. వెంటనే హాజరు వేసింది. అందరూ పలికారు, కండక్టరు తప్ప. గదిలో చూస్తే మంచం ఖాళీ, చెప్పులు లేవు. వార్డెనమ్మకు కబురు వెళ్ళింది. ఆమె గుండె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

వచ్చేసరికి పిచ్చుక పొయ్యి ముందు తల వంచుకుని ఉంది. ఉల్లిపాయల పుణ్యమా అని కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. వార్డెనమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది.

"మన కండక్టరు గారేనా?"

పిచ్చుక పైప్రాణాలు పైనే పోయాయి. ముసలాయన దొరికిపోయాడు. నోరు విప్పితే ప్రార్థన తెగుతుంది. తల అడ్డంగా ఊపితే ప్రార్థన మధ్యలో అబద్ధం ఆడినట్టు అవుతుంది. ఇచ్చిన మాట తప్పుతున్నందుకు క్షమించమని కండక్టరుకు మనసులోనే చెప్పుకుని, పెదవులు కదుపుతూనే తల నిలువుగా ఊపింది.

"నీకు ముందే తెలుసా?"

మళ్ళీ ఊపింది.

"ఎక్కడ?"

పిచ్చుక కత్తితో పెరటి తలుపు చూపించింది. పెరట్లో పాత సామాన్లు పడేసే గది ఒకటుంది, దాని తలుపు ఓరగా తెరిచి ఉంది. వార్డెనమ్మ అటు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. ఎంత ఆశ్రమం నడిపినా ఆవిడకు శవమంటే మహా భయం. పోయినవాళ్ళను బతికున్నప్పుడే ఆఖరిసారి చూసుకునే రకం. అటు అడుగు కూడా వెయ్యకుండా ఆఫీసులోకి వెళ్ళి శవాలను తీసుకెళ్ళే వ్యానుకు ఫోను చేసింది. ఆ హడావిడిలో పిచ్చుక ప్రార్థనలో ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయింది. ప్రార్థన తెగింది. కత్తి పక్కన పెట్టి, చెంపలు వేసుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

హాల్లో పెద్దవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మళ్ళీ మొదలైందంటే ఇంకొకరా అని ఎవరో గొణిగారు. టీచరమ్మ మళ్ళీ హాజరు వేసింది. ఎవరూ తగ్గలేదు. అప్పుడు ఆవిడ కాస్త ఆలోచించి, కండక్టరు చేసిన పాపాలకు ఒక్కసారి చాలదని అమ్మాయికి తెలిసినట్టుందని తేల్చింది. అందరికీ ఆ మాట న్యాయంగానే తోచింది. ఆయన చిల్లర ఇవ్వకుండా తర్వాత ఇస్తానన్న కథలు ఆయనే చెప్పుకునేవాడు.

కండక్టరు గదిలోనే ఇంకో మంచం టైలర్ తాతయ్యది. కిటికీ తెరవాలని ఒకరు, మూయాలని ఒకరు గొడవపడి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. కిటికీ పక్క మంచం కండక్టరుది కాబట్టి గెలుపు ఎప్పుడూ ఆయనదే. అందరూ తన వైపు చూస్తుంటే టైలర్ తాతయ్య లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. కండక్టరు మనసు వెన్న అన్నాడు. అంత చల్లటి గాలి ఇష్టపడే మనిషి మళ్ళీ పుట్టడన్నాడు. అంటూ అంటూ నిజంగానే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకున్నాక, ఎవరైనా తనకంటే ముందు అడుగుతారేమోనని తిన్నగా వంటింటికి వచ్చాడు.

పిచ్చుక రెండో విడత ప్రార్థనలో ముప్పాతిక దాటింది. ఆపిల్ ముక్కలు ఓవెన్‌లోకి వెళ్ళాయి. ఇంకొంచెం ఓపిక పడితే గింజలు దిగిపోతాయి.

"అమ్మాయ్, పోయేముందు వాడు కిటికీ పక్క మంచం గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగాడు టైలర్ తాతయ్య.

పిచ్చుక చెయ్యి ఊపి పొమ్మంది. ఆయన పోలేదు. ఆ టీచరమ్మ అప్పుడే వాడి దిండు పట్టుకుని తిరుగుతోందని, ఇలాంటివి మెల్లగా తేలిస్తే మనస్పర్థలు వస్తాయని, వాడి ఫ్లాస్కు కూడా తనకే ఇవ్వాలన్నది వాడి మనసులో ఉండే ఉంటుందని చెప్పుకుపోయాడు. పుట్టి బుద్ధెరిగాక పిచ్చుక అంతసేపు బదులు చెప్పకుండా ఉన్నది అదే మొదలు.

"తాతయ్యా, నా గింజలు," అనేసింది చివరికి. ప్రార్థన మళ్ళీ తెగింది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఈసారి ఉల్లిపాయల వల్ల కాదు. పొయ్యి మంట తగ్గించి, మూత పెట్టి, మూడోసారి మొదలుపెట్టింది. టైలర్ తాతయ్య దాన్ని అంగీకారంగా తీసుకుని వెళ్ళి కిటికీ పక్క మంచం మీద పడుకున్నాడు. ముందు కిటికీ మూశాడు.

మూడోసారి వినపడేసరికి హాల్లో గాలి ఆడలేదు. టీచరమ్మ మళ్ళీ తలలు చూసింది. టైలరు ఎక్కడున్నదీ అందరికీ తెలుసు, ఆయన గురక కూడా వినపడుతోంది.

"అందరం ఉన్నాం," అంది ఆవిడ నెమ్మదిగా. "అంటే ఈ పిల్ల ముందస్తుగా చదువుతోంది."

ఎవరికి వారు మణికట్లు పట్టుకుని నాడి చూసుకున్నారు. దగ్గు వచ్చిన వాళ్ళు దగ్గు ఆపుకున్నారు.

అదే సమయానికి స్టాప్‌వాచ్ మాస్టారు స్కూటరు మీద ఆశ్రమానికి వస్తున్నాడు. దారి పొడవునా ఆయన ముందు శవాల వ్యాను ఒకటి నడుస్తోంది. ఆయన కుడికి తిరిగితే అదీ కుడికి తిరిగింది. ఆయన ఎడమకు తిరగబోతే అది ముందే తిరిగింది. చివరికి అది వెళ్ళి ఆశ్రమం గేటు ముందు ఆగింది. ఇవాళ ఆ ఇంట్లో తన విద్యార్థిని వండుతోందన్న విషయం మాస్టారికి గుర్తొచ్చింది. స్కూటరును స్టాండు వెయ్యకుండానే వదిలేసి లోపలికి పరుగెత్తాడు.

"ఎవరూ ఏమీ తినకండి," అన్నాడు హాలు గుమ్మంలో నిలబడి. "తిన్నవాళ్ళు ఎంతమంది?"

దాంతో హాల్లో వాళ్ళకు అంతా పొందికగా అతికింది. కండక్టరు తెల్లవారగానే వంటింటికి వెళ్ళాడు, ఏదో రుచి చూశాడు, పోయాడు. వండిన పిల్లే తప్పు తెలుసుకుని ఏడుస్తూ ప్రార్థన చేస్తోంది. మిగిలిన వాళ్ళకు మధ్యాహ్నం వడ్డిస్తుంది కాబట్టి ముందే చదివేస్తోంది. ఎంత బాధ్యత గల పిల్ల అని ఒకావిడ ముక్కు చీదింది. వార్డెనమ్మ వంటింట్లోకి వచ్చి పొయ్యి కట్టేసింది. డబ్బాల కంపెనీ వాళ్ళను సాయంత్రం కాదు, ఇప్పుడే రమ్మంటున్నానని, పిచ్చుకను సామాన్లు సర్దుకుని మాస్టారి వెంట వెళ్ళిపొమ్మని చెప్పింది.

పిచ్చుకకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైందల్లా, తన గింజలు పొయ్యి మీదే ఉన్నాయి, తినేవాళ్ళు బల్లల ముందే ఉన్నారు, మధ్యలో తనను గెంటేస్తున్నారు. ముసలాయన పళ్ళు కట్టించుకోవడానికి సాయపడినందుకు దేవుడు ఇంత కోపం పెట్టుకుంటాడా? ఆమె గరిటె వదల్లేదు. నిన్నటి దాకా దేవుడికీ తనకీ మధ్య ఏ పొరపొచ్చమూ లేదు.

అప్పుడు హాల్లోంచి ఒక కేక, తర్వాత బల్ల పడిన చప్పుడు వినిపించాయి. గుమ్మంలో కండక్టర్ తాతయ్య నిలబడి, కొత్తగా అతికించిన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వెనక శవాల వ్యాను డ్రైవరు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పళ్ళ డాక్టరు దగ్గర ఆలస్యమై, ఎండలో నడవలేక, ఆశ్రమం వైపు వచ్చే బండి ఏదైతేనేమని చెయ్యెత్తి ఎక్కానని ఆయన తర్వాత చెప్పాడు. దారిలో ఎవరు పోయారని అడిగితే ఎవరో కండక్టరు అని డ్రైవరు అన్నాడట. తనకు తెలియకుండా ఆశ్రమంలో ఇంకో కండక్టరు ఎప్పుడు చేరాడా అని దారంతా కుళ్ళుకున్నాడట.

"ఏ రూటులో చేసేవాడు?" అని అడిగాడు ఆయన, హాల్లో అందరినీ.

టీచరమ్మ దిండు మెల్లగా కుర్చీ వెనక్కి వెళ్ళిపోయింది. వార్డెనమ్మ ఆయన చెయ్యి గిల్లి చూసింది, తర్వాత చెప్పకుండా బయటికి వెళ్ళినందుకు ఇంకాస్త గట్టిగా గిల్లింది. ఆ తర్వాత అందరూ కలిసి పిచ్చుక వైపు తిరిగారు. ఎవరూ పోనప్పుడు ఎవరి కోసం ఆ ప్రార్థన?

"గింజల కోసం," అంది పిచ్చుక.

చెప్పక తప్పలేదు. అమ్మమ్మ, పొయ్యి, గడియారం లేని ఇల్లు, తెగితే మళ్ళీ మొదటికి వెళ్ళడం, అన్నీ ఏడుస్తూనే చెప్పింది. ప్రార్థనలో మాటల అర్థం తనకు తట్టనేలేదని, పొడవు ఒక్కటే చూసుకున్నానని ఒప్పుకుంది. మాస్టారు మెడలో స్టాప్‌వాచ్‌ను ఎవరో అవమానించినట్టు గుప్పిట్లో పట్టుకున్నాడు. టైమరు ఎక్కడని అడిగాడు. ఆమె జేబులోంచి తీసి ఇచ్చింది, దానికి అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు.

ఆయన కుండ మూత తీసి, ఒక గింజ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. వార్డెనమ్మ ఆయన మొహాన్నే చూస్తోంది. ఫోను ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"అతిగా ఉడికిపోయింది," అన్నాడు మాస్టారు. "గింజ పంటికింద తగలాలి. ఇది తగలడం లేదు. ఫెయిల్."

టీచరమ్మ లేచి వచ్చి, చెంచాడు సూప్ నోట్లో పోసుకుంది. కాసేపు చప్పరించింది. ఇంకో చెంచా పోసుకుంది.

"నాయనా, పంటికింద తగలాలంటే ముందు పన్నుండాలి కదా," అంది. "ఒకసారి ఇటు చూడు."

మాస్టారు హాలు వైపు చూశాడు. బల్లల వెంట వరుసగా కూర్చున్న పెద్దవాళ్ళు ఆయనకేసి నోళ్ళు తెరిచి చూపించారు. చూసినంత మేర చిగుళ్ళే. పోయినేడాది తాను ఇదే హాల్లో నిలబడి, కరకరలాడే గింజలకు మంచి మార్కులు వేసిన సంగతి ఆయనకు గుర్తొచ్చి ఉండాలి. వార్డెనమ్మ ఫోను జేబులో పెట్టుకుని పళ్ళాలు తెమ్మంది.

పిచ్చుక కళ్ళు తుడుచుకుని వడ్డించింది. నోట్లో పెడితే కరిగిపోయే గింజలు, సూప్‌లో నానిన బ్రెడ్డు, ఓవెన్‌లో మరిచిపోయినందుకు మెత్తని ముద్దయిన ఆపిల్. పెద్దవాళ్ళు తిన్నారు, మళ్ళీ పెట్టించుకుని తిన్నారు. టైలర్ తాతయ్య మంచం మీంచి లేచి వచ్చి, తాను అన్న మంచి మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నానని కండక్టరుతో చెప్పాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం చాలాకాలానికి అదే మొదలు. వ్యాను డ్రైవరు రెండుసార్లు పెట్టించుకుని, తన సర్వీసులో ఒక ఇంటికి వెళ్ళి ఖాళీ బండితో, నిండు కడుపుతో తిరిగి రావడం ఇదే మొదటిసారని సెలవు తీసుకున్నాడు. మాస్టారు మూలన కూర్చుని పళ్ళెం తుడిచి తిన్నాడు. ఎంతసేపు ఉడికించావని అడిగితే, రెండున్నర ప్రార్థనలని చెప్పింది పిచ్చుక. ఆయన స్టాప్‌వాచ్ చొక్కాలోకి తోసేసి పాస్ చేశాడు.

ఒక్క కండక్టర్ తాతయ్యకే తృప్తి లేదు. "కష్టపడి పళ్ళు కట్టించుకుని వస్తే నమలడానికి ఏమీ లేదు," అని సణిగాడు. సణుగుతూనే నాలుగోసారి పెట్టించుకున్నాడు.

పిచ్చుక ఆ ఆశ్రమంలోనే వంటకు కుదిరింది. వేరే ప్రార్థన చదువుకోమని వార్డెనమ్మ ఎంత చెప్పినా, అంత పొడవైనది ఇంకోటి దొరకలేదు. నెల తిరక్కుండానే పెద్దవాళ్ళకు అలవాటైపోయింది. వంటింట్లోంచి ఆ ప్రార్థన వినపడితే చాలు, చేతులు కడుక్కునేవాళ్ళు.

చలికాలంలో ఆ ఇంట్లో నిజంగానే ఒకరు కన్నుమూశారు. ప్రార్థన మందిరం నుంచి పెద్దాయన వచ్చి, కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఇల్లు విడిచి నీ దగ్గరికి బయల్దేరిన ఈ ప్రాణాన్ని" అని ఎత్తుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి అందరూ పళ్ళాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు, అందరికంటే ముందు కండక్టర్ తాతయ్య.